ముందు చక్రాలు

కొవ్వూరు
ఆషాఢ శుద్ధ దశమి

చిరంజీవి సత్యశ్రీని ఆశీర్వదించి మామయ్య వ్రాస్తున్న సంగతులు.

నీ ఉత్తరం అందింది. సముద్రపు ఒడ్డున సరుగుడుపాలెం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగా చేరావని తెలిసి మీ అత్తయ్య రత్నమాణిక్యం వీధిలో అందరికీ చెప్పి వచ్చింది. నేను ఎర్రసిరా కలం తీశాను. 'ప్రాధాన్యత' అనకూడదు, ప్రాధాన్యం. 'ఖచ్చితంగా' కాదు, కచ్చితంగా. బడిలో తెలుగు చెప్పడం మానాను గాని చదవడం మానలేదు. అక్క కూతురివని, వైద్యం చదివావని నీకు ప్రత్యేకమైన సడలింపులు ఇవ్వను.

ఇక అసలు సంగతి. డ్రైవరు పదవీ విరమణ చేశాడు, కొత్త మనిషిని ఇంకా వేయలేదు, జీపు నేనే నడుపుతున్నాను అని ఉత్తరం చిట్టచివర వ్రాశావు, అదేదో పప్పులో ఉప్పు తగ్గిందన్నట్టు. మొదట వ్రాయవలసిన వాక్యం అది. చదివాక నేను కుర్చీలో కూర్చోలేకపోయాను.

నీకు కారు నేర్పింది నేనే. కాని కారు వేరు, ఆ జీపు వేరు. ఎన్.సి.సి. అధికారిగా శిబిరాలకు వెళ్లిన రోజుల్లో అటువంటి బండిని రాళ్ల మీద, ఇసుకలో, బురదలో నడిపినవాణ్ణి కనుక చెబుతున్నాను. మామూలుగా దానికి వెనక చక్రాలే బలం. గేరు రాడ్డు పక్కన రెండు పొట్టి రాడ్లు ఉంటాయి, చూశావా? ఒకటి లాగితే ముందు చక్రాలు కూడా ఇంజనుకు కలుస్తాయి. అప్పుడు నాలుగు చక్రాలూ పని చేస్తాయి. రెండోది వేస్తే వేగం తగ్గి బలం పెరుగుతుంది. ఏ నేల మీద ఏది వేయాలో తెలియని మనిషికి ఆ రాడ్లు ఉండటం కంటే లేకపోవడమే మేలు.

కాబట్టి నీ దారి ఎటువంటిదో విడమరచి వ్రాయి. నేల పేరు చెప్పు, రాడ్డు ఎక్కడ ఉండాలో నేను చెబుతాను. అంతవరకు బండి తీయవద్దు.

తాతాజీ

* * *

సరుగుడుపాలెం
12 జులై 1998

మామయ్యగారికి సత్యశ్రీ నమస్కారాలు.

బండి తీయవద్దన్న మీ ఉత్తరం చేరేసరికి తీయడం, దిగబడటం, బయటపడటం అన్నీ అయిపోయాయి. భయపడ్డానని వ్రాయడానికి సిగ్గు వేసి మొదటి ఉత్తరంలో ఆ మాట చివర పెట్టాను. ఈసారి ముందే వ్రాస్తున్నాను. నాకు చాలా భయంగా ఉంది.

ప్రతి శుక్రవారం నేను మొగపాలెం వెళ్లాలి. ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట ఇసుక దిబ్బ మీద ఉన్న జాలరుల ఊరు అది. అక్కడికి బస్సు లేదు, ఆటో రాదు. దారి మూడు రకాలుగా ఉంటుంది. మొదట కాలవ గట్టు వెంబడి తారురోడ్డు. తరువాత రొయ్యల చెరువుల మధ్య నల్లమట్టి బాట. చివర సముద్రపు ఒడ్డున ఇసుక. ఇసుక దాటితే ఊరు.

నాతో వచ్చే నర్సు పేరు వీరదుర్గ. ఆమెది మొగపాలెమే. మొన్న ఇసుకలో చక్రాలు తిరుగుతున్నాయి గాని బండి కదలలేదు. నేను ఇంకా గట్టిగా యాక్సిలరేటరు తొక్కాను. వెనక చక్రాలు గుంటలు తవ్వుకుంటూ దిగిపోయాయి. వీరదుర్గ బయటికి తొంగి చూసి, "అమ్మగారూ, ఇది నడవట్లేదండి, దున్నుతోంది. ఇక్కడ మనం వరి ఏమీ వెయ్యం కదండీ" అంది. నాకు నవ్వు రాలేదు. పోటు వస్తోంది. ఒక అల వచ్చి వెనక చక్రాన్ని తాకి వెళ్లింది. తరువాతి అల చక్రం కింద ఇసుకను కూడా తీసుకుపోయింది. బండి ఒక పక్కకు ఒరిగింది.

వల లాగుతున్నవాళ్లు పరుగెత్తుకొచ్చి వల తాడే బండికి కట్టి లాగారు. వాళ్లలో పోతురాజు అనే అతను, "ఇంత బరువు చేపెప్పుడూ పళ్లేదండి, పైగా ఇది మనల్నే తిట్టుకుంటా వస్తోంది" అన్నాడు. ఇంజను మోత గురించి అన్నాడు. అందరూ నవ్వారు. నా చేతులు స్టీరింగు మీద బిగుసుకుపోతే వీరదుర్గ వేళ్లు ఒక్కొక్కటే విడదీసింది.

వచ్చే శుక్రవారం మళ్లీ వెళ్లాలి. ఏం చెయ్యాలో చెప్పండి.

సత్యశ్రీ

* * *

కొవ్వూరు
శ్రావణ శుద్ధ తదియ

చిరంజీవి సత్యశ్రీకి,

మీ అత్తయ్యకు నీ ఉత్తరం చదివి వినిపించాను. అల సంగతి దాటవేసి చదివాను. "ఇంత కాగితంలో ఇంతేనా వ్రాసింది?" అని అడిగింది. అక్షరాలు పెద్దవి అన్నాను.

శ్రద్ధగా చదువు. ఇసుకలోకి దిగకముందే ముందు చక్రాలు కలపాలి. దిగబడ్డాక కలిపితే అవి కూడా గుంటలు తవ్వడానికి సాయపడతాయి, అంతే. టైర్లలో గాలి కొంత తీసివేయి. మెత్తబడిన టైరు ఇసుక మీద వెడల్పుగా పరుచుకుంటుంది, తక్కువ దిగుతుంది. తిరిగి తారు ఎక్కేముందు గాలి నింపుకోవాలి గనుక పంపు దగ్గర ఉంచుకో. ఇసుకలో ఒకే వేగంతో వెళ్లు. హఠాత్తుగా ఆపకు, మలుపు కురచగా తిప్పకు. ఆగక తప్పకపోతే వాలు కిందికి ఉన్న చోట ఆగు. చక్రం తిరుగుతూ బండి కదలడం లేదని తెలిసిన క్షణాన కాలు తీసి, వచ్చిన జాడలోనే వెనక్కు రా. ఆటు పోట్లు ఎప్పుడో ఊరివాళ్లను అడిగి, పోటు తీసినప్పుడే ప్రయాణం పెట్టుకో.

నల్లమట్టికి ఇది పనికిరాదు. అక్కడ గాలి తగ్గించవద్దు. నాలుగు చక్రాలు కలిపి, బలం రాడ్డు వేసి, రెండో గేరులో మెల్లగా పో. మధ్యలో గేరు మార్చవద్దు. మారుస్తుండగా బండి ఊపు చచ్చిపోతుంది, మట్టి చక్రాన్ని పట్టుకుంటుంది. టైరు గాడుల నిండా మట్టి కూరుకుంటే ఇక అది టైరు కాదు, నున్నటి గుండు.

ఇవన్నీ తెలిసినవాడు చెప్పిన మాటలు. తెలిసినవాడికి నిద్ర పట్టడం లేదన్నది వేరే విషయం. ఆ అల చక్రం కింద ఇసుకను తీసుకుపోయిందని ఎందుకు వ్రాశావు? వ్రాయకపోతే కోప్పడేవాణ్ణి, అది నిజమే. అయినా అడుగుతున్నాను.

మొగపాలెం వాళ్లను సరుగుడుపాలానికే రమ్మని చెప్పలేవా?

తాతాజీ

* * *

సరుగుడుపాలెం
14 సెప్టెంబరు

మామయ్యగారికి,

రమ్మని చెప్పవచ్చు. నడిచి రాగలిగినవాళ్లు ఎటూ వస్తారు. రాలేనివాళ్ల కోసమే నేను వెళ్తున్నాను.

మీరు చెప్పినట్టే చేస్తున్నాను. ఇసుకలో ఇప్పుడు దిగబడటం లేదు. పంపు కొట్టే పని వీరదుర్గ తీసుకుంది. "నర్సు ట్రైనింగులో ఇది చెప్పలేదండి, చెప్పుంటే అప్పుడే పారిపోదును" అంటూనే కొడుతుంది. పోతురాజు భార్య తలుపులమ్మ ప్రతిసారీ ఒడ్డుకు వచ్చి నిలబడి మా బండి ఎటు నుంచి రావాలో చెయ్యి ఊపి చూపిస్తుంది. నిన్నటి దారి ఇవాళ ఉండదు, సముద్రం మార్చేస్తుంది.

ఇసుక భయం కొంత తగ్గింది గాని మట్టి భయం పట్టుకుంది. పోయిన వారం వాన వెలిసాక చెరువు గట్టు దిగుతున్నాం. నాలుగు చక్రాలూ కలిపి ఉన్నాయి కదా అన్న ధైర్యంతో కొంచెం వేగంగా వచ్చి, కింద గేదె కనిపించి బ్రేకు వేశాను. నాలుగు చక్రాలూ ఒక్కసారే ఆగిపోయాయి. బండి ఆగలేదు. అది ఆగకుండా జారుతుంటే స్టీరింగు ఎటు తిప్పినా ఒకటే. రెండు పక్కలా రొయ్యల చెరువులు. ఎలా ఆగిందో నాకు తెలియదు. గేదె మాత్రం మమ్మల్ని చూసి మేత ఆపలేదు. ఈ బండి మనల్ని ముందుకు తీసుకుపోవడానికి నాలుగు కాళ్లు వాడుతుంది గాని ఆపడానికి మాత్రం కాదని ఆ రోజు అర్థమైంది.

ఇంకొకటి కూడా జరిగింది. అదే రోజు ఆ గట్టునే తలచుకుంటూ తారురోడ్డు ఎక్కాను. ముందు చక్రాలు విడదీయడం మరిచిపోయాను. చాలా దూరం వచ్చాక స్టీరింగు బరువెక్కింది, మలుపులో బండి మొండికేసి గింజుకుంది, కింద ఏదో కీచుమంది. రాడ్డు వెనక్కి తోస్తే రాలేదు. కాలవ పక్కన నిలబడి ఏడ్చాను. కొంచెం వెనక్కి నడిపితే రాడ్డు దానంతట అదే వదులైంది.

మామయ్యగారూ, నేను ఈ ఉద్యోగానికి తగనేమో అనిపిస్తోంది. ఎవరికీ చెప్పకండి.

సత్యశ్రీ

* * *

కొవ్వూరు
భాద్రపద బహుళ ద్వాదశి

చిరంజీవి సత్యశ్రీకి,

గట్టు దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టనే కూడదు. బలం రాడ్డు వేసి, మొదటి గేరులో, ఇంజనే బండిని పట్టుకొని మెల్లగా దింపేలా చూడు. ఇది నేను ముందే వ్రాయవలసింది. వ్రాయనందుకు నీ ఉత్తరం చదువుతూ నా కుడికాలితో నేలను తొక్కుతూనే ఉన్నాను.

తారు సంగతి ఇంకొక్కసారి చెబుతాను. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు నడిచే దూరం వేరు, వెనక చక్రాలు నడిచే దూరం వేరు. ఇసుక, మట్టి ఉంటే చక్రం కొంచెం జారి సర్దుకుంటుంది. గట్టి తారు మీద జారదు. ముందువీ వెనకవీ ఒకదానితో ఒకటి పెనుగులాడి లోపలి పళ్లు బిగుసుకుంటాయి. నువ్వు విన్న కీచు అదే. మరి కొంత దూరం పోయి ఉంటే ఏదో ఒకటి విరిగేది. విరిగిన బండితో మరుసటి శుక్రవారం ఇసుకలో ఏం చేసేదానివి?

అందుచేత నీకు నియమం ఇస్తున్నాను. తారురోడ్డు ఎక్కగానే ముందు చక్రాలు విడదీయాలి. దీనికి మినహాయింపు లేదు. సంధి సూత్రాల్లోనైనా 'బహుళంగా' అనే వెసులుబాటు ఉంది గాని ఇందులో లేదు. ఈ వాక్యాన్ని కాగితం మీద పెద్ద అక్షరాలతో వ్రాసి బండి అద్దం పక్కన అంటించు.

నువ్వు ఆ ఉద్యోగానికి తగవని నేను అనను. ఆ దారే నీకు తగదని అంటాను. త్వరలో ఒక మంచి కబురు నీకు రావచ్చు. ఇప్పుడేమీ అడగవద్దు.

తాతాజీ

* * *

సరుగుడుపాలెం
24 అక్టోబరు

మామయ్యగారికి,

కబురు వచ్చింది. నన్ను నిడదవోలుకు బదిలీ చేశారు. నేను అడగలేదు. ఇక్కడికి ఎవరిని వేశారని పై ఆఫీసులో అడిగితే, వస్తారులెండి అన్నారు. ఎవరో చెప్పలేదు. మీ దగ్గర చదువుకున్న గణేష్‌బాబుగారు ఆ ఆఫీసులోనే పని చేస్తున్నారని నాకు తెలుసు. కాగితం మీద ఆయన సంతకం కూడా ఉంది.

ఎవరికీ చెప్పకండి అని వ్రాశాను. మీరు నన్ను ఒక్క మాట అడగకుండా వెళ్లి చెప్పి వచ్చారు.

నిన్న మొగపాలెంలో ఈ సంగతి తెలిసిపోయింది. తలుపులమ్మ, "వెళ్లిపోండమ్మా, ఎవరుంటారు ఇక్కడ. మా ఆయన కూడా మొదట్లో వెళ్లిపోతాననేవోడు. తాడు నా చేతిలో ఉంది కాబట్టి ఆగాడు" అంది. వీరదుర్గ మాత్రం పంపు బండి వెనక పడేసి, "ఇది ఎవరికి అప్పజెప్పాలండి? కొత్త డాక్టరుగారికా, సముద్రానికా?" అని అడిగింది.

నాకు కోపం వచ్చింది మామయ్యా. కోపం కంటే సిగ్గు ఎక్కువ. ఎందుకంటే ఆ కాగితం చూడగానే ముందు నాకు కలిగింది కోపం కాదు. బతికాను అనిపించింది. ఆ తరువాతే కోపం వచ్చింది.

కొత్తవాళ్లు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను. మీ వాక్యం అద్దం పక్కనే ఉంది. పాటిస్తున్నాను.

సత్యశ్రీ

* * *

కొవ్వూరు
కార్తిక శుద్ధ ఏకాదశి

చిరంజీవి సత్యశ్రీకి,

అవును, నేనే చెప్పాను. గణేష్‌బాబు ఇంటికి స్వయంగా వెళ్లాను. బడి వదిలిన తరువాత ఒక విద్యార్థి గుమ్మం ముందు నిలబడి సాయం అడగడం నాకు అదే మొదటిసారి. లోపలికి పిలిచేవరకు చెప్పులు విప్పాలో వద్దో తెలియక నిలబడ్డాను. అయినా అడిగాను. మళ్లీ అడగవలసి వస్తే మళ్లీ అడుగుతాను.

నీకు సిగ్గుగా ఉందన్నావు. నాకు భయంగా ఉంది. శుక్రవారాలు వస్తే ఉదయం నుంచి సాయంత్రం దాకా నేను ఏ పుస్తకమూ చదవలేను. ఇప్పుడు తారు దాటి ఉంటుంది, ఇప్పుడు మట్టిలో ఉంటుంది, ఇప్పుడు ఇసుకలో ఉంటుంది అని లెక్క వేసుకుంటూ వరండాలో కూర్చుంటాను. మనసులో రాడ్లు నేనే లాగుతుంటాను. మనసులో నా బండి ప్రతిసారీ దిగబడుతుంది, నీది దిగబడిందో లేదో ఉత్తరం వచ్చేదాకా తెలియదు.

బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని రేడియోలో చెబుతున్నారు. కొత్త మనిషి వచ్చినా రాకపోయినా నువ్వు బయలుదేరి రా. జీపులో వద్దు. బస్సులో రా.

తాతాజీ

* * *

కొవ్వూరు
కార్తిక బహుళ తదియ

సత్యశ్రీకి,

గాలివాన మీ వైపే తీరం దాటిందని చెప్పారు. ఇక్కడ కూడా చెట్లు పడ్డాయి, కరెంటు లేదు. ఫోను బూత్‌లో నరసాపురం లైను కలవడం లేదంటున్నారు. రైల్వే స్టేషనుకు వెళ్లి అటు నుంచి వచ్చినవాళ్లను అడిగాను. సరుగుడుపాలెం పేరు విన్నవాళ్లు ఒకరు కనబడ్డారు. రోడ్ల మీద నీళ్లున్నాయి, అంతకంటే తెలియదు అన్నారు.

మీ అత్తయ్య నీ ఉత్తరాలన్నీ తీసి చదివింది. అల సంగతి, గట్టు సంగతి చదివింది. నాతో ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టి పక్కన కూర్చుంది. అంటే బాగుండేది.

నువ్వు వెళ్లి ఉండవు అని అనుకుంటున్నాను. నీ స్వభావం నాకు తెలుసు గనుక, అనుకోవడం వేరు నమ్మడం వేరు.

ఈ కార్డు ఎప్పటికి చేరుతుందో తెలియదు. చేరిన వెంటనే జవాబు వ్రాయి. పేరు ఒక్కటి వ్రాసి పంపినా చాలు.

తాతాజీ

* * *

నరసాపురం
16 నవంబరు

మామయ్యగారికి, అత్తయ్యకు నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. ముందు ఆ మాట చదువుకోండి. ఎడమ మోచెయ్యి కొట్టుకుంది, అంతే.

వెళ్లాను. గాలివాన నాడు కాదు, తరువాత రెండో రోజు. ఎండ వచ్చింది. పోతురాజు తమ్ముడు నీళ్లలో పడి తడిసిపోయి పరుగెత్తుకుంటూ వచ్చాడు. తలుపులమ్మను పాము కరిచింది. ఇల్లు కూలితే రేకుల కింద నుంచి వలలు లాగుతుండగా కట్లపాము కరిచింది. నేను వీరదుర్గతో మందు తీసుకొని వెళ్లేసరికి కళ్లు తెరవలేకపోతోంది, మాట ముద్దగా వస్తోంది. మందు ఎక్కించాను. ఊపిరి తగ్గిపోతోంది. అక్కడ ఉంచితే బతకదు, నరసాపురం పెద్దాసుపత్రికి చేర్చాలి. మూతికి మాస్కు పెట్టి గాలి సంచి చేత్తో నొక్కుతూ ఊపిరి ఇవ్వాలి. నొక్కడం ఆపితే పోతుంది. వీరదుర్గ జీపు వెనక కూర్చొని నొక్కడం మొదలుపెట్టింది. పోతురాజు భార్య తలను ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇసుక దాటాను. మట్టి దాటాను. మీరు చెప్పిన ప్రతి మాటా పనికి వచ్చింది. రెండు చోట్లా ఒక్కసారి కూడా చక్రం దిగబడలేదు. తారురోడ్డు కనబడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. గట్టెక్కాం అనుకున్నాను. అద్దం పక్కన కాగితం చూశాను. ముందు చక్రాలు విడదీశాను.

రోడ్డు మీద గడ్డి ఉంది.

మీకు తెలుసు కదా మామయ్యా, కోతల రోజుల్లో మన వాళ్లకు రోడ్డే కళ్లం. చేలల్లో నీళ్లు నిలిచాయి, తడిసిన వరి పనలు మోసుకొచ్చి ఎత్తుగా ఉన్నది అదొక్కటే కాబట్టి రోడ్డు పొడుగునా పరిచారు. బస్సులు, లారీలు తొక్కితే గింజ కూడా రాలుతుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. సైకిలు మీద దాని మీద నుంచే కాలేజీకి వెళ్లాను. అందుకే అది నాకు గడ్డిలా కనబడలేదు. రోడ్డులాగే కనబడింది. కింద తడి పనలు, పైన మళ్లీ పడ్డ జల్లు. ఎంత జారుడుగా ఉందో దిగి చూస్తే తెలిసేది. దిగలేదు.

మలుపు దగ్గర భయం వేసి కాలు తీశాను. బ్రేకు వేయలేదు, మీరు చెప్పారు కదా. కాని ఇంజను వెనక చక్రాలను మాత్రమే పట్టుకుంది, ముందువి విడదీసి ఉన్నాయి. వెనక భాగం పక్కకు కొట్టుకుపోయింది. బండి అడ్డంగా తిరిగి, వెనక చక్రాలు రెండూ గట్టు అంచు దాటి కాలవ వైపు దిగాయి. ముందు చక్రాలు రోడ్డు మీద ఉన్నాయి. నేను ఆకాశం చూస్తున్నాను. కింద కాలవ నిండుగా పారుతోంది. వెనక నుంచి గాలి సంచి చప్పుడు వినబడుతోంది. వీరదుర్గ ఆపలేదు.

నేను తలుపు తీయబోయాను. పనలు పరుస్తున్న రైతు ఒకాయన, దొరబాబుగారట, కేకేశారు. "దిగకండి డాక్టరుగారూ. మీరు దిగితే ముందు తేలికై వెనక్కి పోద్ది. కూర్చోండి. కూర్చుని అలాగే ఉండండి." కూర్చున్నాను. ఆయన, ఇంకా నలుగురైదుగురు వచ్చి బంపరు మీద ఎక్కి బరువు వేశారు. ఒకాయన, "గడ్డి తీసెయ్యనా దొరబాబూ?" అంటే, "నీ గడ్డా నా గడ్డా చూడకు, చక్రాల ముందు తారు కనపడాలి" అన్నారు. ముందు చక్రాల కింది గడ్డి గోకి తీసేశారు. గింజతో ఉన్న పనలే కట్టలు కట్టి వెనక చక్రాల కింద తోశారు. అవి వాళ్ల తిండి గింజలు.

నేను రాడ్డు మీద చెయ్యి వేశాను. అప్పుడు కూడా, మామయ్యా, అప్పుడు కూడా నా చెయ్యి ఆగింది. తారు మీద ఉన్నాను కదా, వెయ్యకూడదు కదా అనుకున్నాను. వెనక ప్రాణం పోతుంటే, కింద కాలవ ఉంటే, నాకు మీ వాక్యం అడ్డు వచ్చింది. తరువాత లాగాను. నాలుగు చక్రాలు, బలం రాడ్డు, మొదటి గేరు. ముందు చక్రాలు తారును పట్టుకొని బండిని పైకి లాగాయి.

గడ్డి దాటేదాకా అలాగే నడిపాను. తరువాత విడదీశాను.

తలుపులమ్మ బతికింది. నిన్న కళ్లు తెరిచింది, ఇవాళ మాట్లాడుతోంది. కట్లపాము కాటుకు ఒళ్లు కదలదు గాని చెవులు పని చేస్తూనే ఉంటాయి. అన్నీ విన్నదట. నాతో ఏమందో తెలుసా? "చచ్చిపోతున్నానని అందరూ దేవుణ్ణి పిలుస్తున్నారు. మీరొక్కరే 'మామయ్యా, వెయ్యొచ్చా, మామయ్యా, వెయ్యొచ్చా' అన్నారు. ఎవరమ్మా ఆ మామయ్య, కనపడితే సరే అని చెప్పమందునూ." నేను అలా అన్నానని నాకు తెలియదు.

బదిలీ కాగితానికి ఇంకా జవాబు వ్రాయలేదు. వెళ్లననీ వ్రాయలేదు, వెళ్తాననీ వ్రాయలేదు. ఇప్పుడు జీపు దగ్గరికి కూడా వెళ్లడం లేదు. రేపు శుక్రవారం కాకూడదని ప్రతి రోజూ అనుకుంటున్నాను. ఏం చెయ్యమంటారో చెప్పండి. మీరు ఏది చెబితే అది చేస్తాను.

సత్యశ్రీ

* * *

కొవ్వూరు
కార్తిక బహుళ చతుర్దశి

చిరంజీవి సత్యశ్రీకి,

నీ ఉత్తరం మీ అత్తయ్య బిగ్గరగా చదివింది. నేను కూర్చొని విన్నాను. "ఆకాశం చూస్తున్నాను" అన్న చోట ఆమె ఆగింది. మొదటికి తిప్పి 'నేను బాగానే ఉన్నాను' అన్న మాట మళ్లీ చదువుకొని, అప్పుడు మిగతాది చదివింది.

ఆ నియమం పొడి తారుకు సరైనదే. ఇప్పుడు కూడా అదే అంటాను. కాని నేను కార్తిక మాసంలో, పనలు పరిచిన రోడ్డు మీద నుంచి, పంచె పైకి పట్టుకొని, గింజ తొక్కకుండా పక్కగా నడుస్తూ, ఏటేటా బడికి వెళ్లినవాణ్ణి. జారి పడినవాణ్ణి కూడా. మినహాయింపు లేదని వ్రాసేటప్పుడు అది ఒక్కసారి గుర్తు రాలేదు. నువ్వు దాన్ని రోడ్డు అనుకున్నట్టే నేనూ అనుకున్నాను. నేల పేరు చెప్పు, రాడ్డు నేను చెబుతాను అన్నాను. పేరు తారే. చక్రం కింద ఉన్నది తారు కాదు. అది అక్కడ ఉన్న మనిషికే తెలుస్తుంది.

అద్దం పక్కన ఉన్న కాగితం చింపివేయి. ఇది నా ఆజ్ఞ, చివరిది.

దొరబాబుగారికి నా నమస్కారాలు చెప్పు. చక్రాల కింద వేసిన పనలకు ఆయనకు ఏమి ఇవ్వాలో నాకు తెలియడం లేదు. ఇస్తే తీసుకునే మనిషిలా కూడా లేరు. వీరదుర్గకు ఏమి చెప్పాలో అసలే తెలియడం లేదు.

గణేష్‌బాబు దగ్గరికి ఇవాళ మళ్లీ వెళ్లాను. నా మాట పట్టుకొని చేసినది చేశావు, ఇకమీదట ఆ అమ్మాయి వ్రాసినదే విను, నా మాట వినవద్దు అని చెప్పాను. "బదిలీ ఆపేయమంటారా మాస్టారూ, ఉంచమంటారా?" అని అడిగాడు. నాకు తెలియదు అన్నాను. తరగతి గదిలో ఆ మాట ఎప్పుడూ అనలేదు. అతను లేచి నిలబడి మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

కాబట్టి ఏం చెయ్యాలో నన్ను అడగవద్దు. నిడదవోలు వెళ్తే ఎవరూ నిన్ను తప్పు పట్టరు, నేను హాయిగా నిద్రపోతాను. మొగపాలెం వెళ్తే నా శుక్రవారాలు ఇలాగే ఉంటాయి. నా నిద్ర కోసం నువ్వు ఏదీ నిర్ణయించుకోవద్దు. నీ భయం పోయేదాకా ఆగమని కూడా అనను. నాది ఇంకా పోలేదు. పోయేలా లేదు.

కాని వరండాలో కూర్చొని నీ దారి అంతా మనసులో నడపడం ఇక నా వల్ల కాదు. వెళ్లాలని నిర్ణయించుకుంటే, వచ్చే గురువారం సాయంత్రానికి బస్సులో అక్కడికి వస్తాను. శుక్రవారం నీ పక్క సీటులో కూర్చుంటాను. తారు, మట్టి, ఇసుక ఏది వచ్చినా రాడ్ల వైపు చూడను, నోరు మెదపను. గడ్డి కనబడితే నువ్వే ఆపి, దిగి, కాలితో తొక్కి చూసుకో. అప్పుడు కూడా మాట్లాడను. భయపడటం ఒక్కటి మాత్రం మానలేను, దానికి నన్ను కోప్పడవద్దు.

నేను పట్టుకోవడానికి ఆ సీటు ముందు పిడి ఏదైనా ఉందా? ఉందో లేదో వెంటనే కార్డు వ్రాయి.

తాతాజీ